క్యూసెక్కుల మనిషి: డాక్టర్ కె.ఎల్. రావు

(బి.యస్సీ. ఫైనలియర్ విద్యార్థి, ఎడ్లపాడు)

నీరు పల్లమెరుగు అని మన పెద్దలు అంటూ ఉంటారు. కానీ ఆ పల్లానికి పోయే నీటిలో ఎంత బలం దాగి ఉందో ఎరిగినవాళ్ళు తక్కువ. ఎరిగి, దానికి లెక్క కట్టి, ఆ లెక్కను రాతిలోనూ ఇనుములోనూ నిలబెట్టినవాళ్ళు మరీ తక్కువ. అటువంటి కొద్దిమందిలో ఒకరు మన తెలుగువారైన డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారు. పల్నాడులో పుట్టిన మనకు ఆయన పేరు నిజానికి ఇంటి పెద్ద పేరంత దగ్గరగా ఉండాలి. కానీ మన కాలేజీలో ఎవరినైనా ఆపి కె.ఎల్. రావు ఎవరని అడిగి చూడండి. విజయవాడలో ఆయన పేరు మీద పేట ఉంది అంటారు, లేకపోతే తల గోక్కుంటారు. అందుకే ఈ సంవత్సరపు సంచికలో ఆయన జీవితాన్ని నాకు తెలిసినంతలో మిత్రుల ముందు ఉంచుతున్నాను.

రావుగారు 1902 జూలై 15వ తేదీన కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తండ్రిగారు గ్రామ కరణం. కొడుక్కి తొమ్మిదేళ్ళు వచ్చేసరికే ఆయన కన్నుమూశారు. అది చాలదన్నట్టు బడిలో ఆటలాడుతుండగా దెబ్బ తగిలి లక్ష్మణరావుకు ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేని పిల్లవాడు, పైగా ఒంటి కన్ను. ఇక చదువేమిటి, ఏదో ఒక గుమాస్తా పని చూసుకుంటే చాలు అని ఊళ్ళో నలుగురూ అనుకునే రోజులవి. కానీ ఆయన చదువు ఆపలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, తరువాత గిండీ ఇంజనీరింగు కాలేజీలో బి.ఇ. పూర్తి చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొట్టమొదటి విద్యార్థి ఆయనే అని చెబుతారు.

తరువాత కొంతకాలం బర్మాలోని రంగూన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు చెప్పారు. అక్కడినుంచి ఇంగ్లండు వెళ్ళి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నారు. అక్కడే కొన్నాళ్ళు అసిస్టెంటు ప్రొఫెసరుగా కూడా పని చేశారు. కట్టడాల ఇంజనీరింగు మీద, ఇనుప ఊచల కాంక్రీటు మీద ఇంగ్లీషులో ఒక పాఠ్యగ్రంథం రాశారు. ఆ రోజుల్లో అటువంటి పట్టా చేతిలో ఉంటే పరాయి దేశంలోనే హాయిగా స్థిరపడవచ్చు. ఆయన తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైను ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీ వెళ్ళి కేంద్ర జల విద్యుత్ కమిషనులో డిజైన్ల డైరెక్టరయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు. ఆ తరువాత డిజైన్లు, పరిశోధన చూసే సభ్యుడు. దేశానికి కొత్తగా స్వాతంత్ర్యం వచ్చింది, ఎక్కడ చూసినా తిండిగింజల కరువు. హీరాకుడ్, కోసీ వంటి పెద్ద పెద్ద పథకాల డిజైన్లు ఆయన బల్ల మీదకు వచ్చేవి.

ఇప్పుడు మన నందికొండ సంగతికి వద్దాం. కృష్ణ నీటిని పెన్న వైపు మళ్ళించి మద్రాసు దాకా తీసుకుపోవాలని అప్పటి మద్రాసు ప్రభుత్వం ఒక ఆలోచన చేసింది. అది జరిగితే పల్నాడు గొంతు తడిసేది కాదు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు ఊరూరా తిరిగి, సొంత డబ్బు ఖర్చు పెట్టి, నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని పట్టుబట్టారు. 1952లో కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ ఆ స్థలం యోగ్యమైనదని తేల్చింది. ఇటువంటి పని ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు. ఊరివాళ్ళ పోరు, రాజాగారి పట్టుదల ఒక ఎత్తయితే, ఢిల్లీ కమిషనులో కూర్చుని ఆనకట్ట రూపం మీద శ్రద్ధ పెట్టిన రావుగారి విద్య మరొక ఎత్తు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. దానికి కారణాలున్నాయి. ఆనాడు మనకు సిమెంటు తక్కువ, విదేశీ యంత్రాలు కొనడానికి డబ్బు ఇంకా తక్కువ. మన దగ్గర ఉన్నదల్లా రాయి, రాయి కొట్టే చేతులు. యంత్రం చేసే పనిని మనిషి చేస్తే వేల కుటుంబాలకు కూడు దొరుకుతుంది. అలా 124 మీటర్ల ఎత్తున, దాదాపు కిలోమీటరున్నర పొడవున, మనుషులు రాళ్ళు మోసి కట్టిన గోడ అది. ప్రపంచంలో రాతితో కట్టిన ఆనకట్టలలో అంత పెద్దది లేదని పేరు తెచ్చుకుంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. కుడి, ఎడమ కాలవలు రెండూ కలిపి ఇంచుమించు 22 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఉద్దేశించినవి.

దీనికి ధర కూడా చెల్లించాం. ఆ పనిలో ఎందరో కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాగార్జునకొండ లోయ అంతా నీట మునిగింది. ఊళ్ళు లేచిపోయాయి. ఇక్ష్వాకుల నాటి విహారాలను ముందుగా తవ్వి, కొన్నింటిని కొండ మీదకు చేర్చగలిగారు గానీ, మనిషి ఇంటి గడపను అలా ఎత్తిపెట్టలేం కదా. కాలవ కింద పండిన ప్రతి పుట్టి ధాన్యం వెనుక ఊరు విడిచిన ఒక కుటుంబం ఉందని మనబోటి ఆయకట్టు రైతుల పిల్లలు విస్మరించరాదు.

ఇక నీటిలోని శక్తి అంటే ఏమిటో సైన్సు విద్యార్థిగా నాలుగు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే రావుగారి పని గొప్పతనం తెలియదు. రైతు భాషలో నీటికి కొలత క్యూసెక్కు. అంటే క్షణానికి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. ఒక్క క్యూసెక్కు నీరు 100 మీటర్ల ఎత్తునుంచి పడితే అందులో దాదాపు 28 కిలోవాట్ల బలం ఉంటుంది, అంటే 37 గుర్రాల బలం. మన పొలాల్లో ఉండే అయిదు గుర్రాల మోటార్లు ఏడు నడుస్తాయి. టర్బైనులో కొంత తరుగు పోతుంది, అది వేరే సంగతి. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ నీరు శక్తినిచ్చాక తరిగిపోదు. చుక్క కూడా ఖర్చు కాదు. టర్బైను తిప్పి కిందికి వచ్చిన నీరే మళ్ళీ మడికి పారుతుంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. ఇవి 1978 నుంచి 1985 దాకా ఒకటొకటిగా వచ్చాయి. ఈ ఏడూ తిరగేసి కూడా నడిచే రకం. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడి, కరెంటు కావలసినప్పుడు మళ్ళీ కిందికి వదలవచ్చు. మన కుడి కాలవ మొదట్లో కూడా 30 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. అంటే మనవైపు వచ్చే నీళ్ళు దారిలో కరెంటు చేసి మరీ వస్తున్నాయన్నమాట.

రావుగారు 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. 1967లో, 1971లో మళ్ళీ గెలిచారు. కులం చెప్పి, మతం చెప్పి ఓట్లడిగేవాళ్ళ మధ్య ఈయన నీళ్ళు చెప్పి ఓట్లడిగారు. 1978లో వెలువడిన తన ఆత్మకథకు కూడా క్యూసెక్కుల అభ్యర్థి అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. 1963లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అదే సంవత్సరం జూలైలో నెహ్రూగారు ఆయనను నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రిగా తీసుకున్నారు. తరువాత లాల్‌బహదూర్ శాస్త్రిగారి దగ్గర, ఇందిరాగాంధీగారి దగ్గర కూడా ఆయన మంత్రిగా పని చేశారు. శాఖ ఫైళ్ళను గుమాస్తా చదివి వినిపించనక్కరలేని మంత్రి, స్లైడు రూలు పట్టగలిగిన మంత్రి మనకు ఎంతమంది దొరికారు?

ఆ పదేళ్ళు మామూలు పదేళ్ళు కావు. 1965, 66 సంవత్సరాల్లో వానలు మొహం చాటేశాయి. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు వస్తేగానీ దేశానికి తిండి లేదు. కాలవ నీరు అందని చోట బావి నీరే దిక్కు, బావి నీరు పైకి రావాలంటే కరెంటే దిక్కు. ఆయన మంత్రిగా ఉన్నప్పుడే, 1969లో, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. పల్లెలకు కరెంటు స్తంభాలు వేయడానికి, వ్యవసాయ మోటార్లకు లైన్లు లాగడానికి అప్పులివ్వడం దాని పని. మా తాత తరం వాళ్ళు మోట తోలిన రోజులు చెబుతూ ఉంటే కథలా ఉంటుంది. ఎడ్ల మెడలు కాయలు కట్టేవి, మనిషికి నడుము పడిపోయేది. పగలంతా తోలితే తడిసేది కాస్త చెక్క. తరువాత మోటారు వచ్చింది. కరెంటు అర్ధరాత్రి వచ్చినా లాంతరు పట్టుకుని స్టార్టరు నొక్కడానికి పోయేవాళ్ళు. పామూ పుట్రా అని కూడా చూసుకోలేదు. కష్టం పోలేదు గానీ, ఆ కష్టానికి నీళ్ళు మాత్రం వచ్చాయి.

అదే 1969లో కృష్ణా జలాల పంపకం కోసం బచావత్ ట్రిబ్యునల్ వేశారు. అది తేల్చిన లెక్కలో మన ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.యం.సీ.లు వచ్చాయి. మూడు రాష్ట్రాల మధ్య తగవులో సొంత రాష్ట్రం మనిషి మంత్రిగా ఉండటం కత్తి మీద సాము. పక్క రాష్ట్రాలవాళ్ళు ఆంధ్రా పక్షపాతి అంటారు, ఆంధ్రావాళ్ళు మనకేం చేశాడు అంటారు. నీళ్ళ మంత్రికి ఎప్పుడూ ఇంతే.

ఆయన పేరు దేశమంతా మారుమోగింది 1972లో, గంగా కావేరి అనుసంధానం ప్రతిపాదించినప్పుడు. పాట్నా దగ్గర గంగలో వరద ఉన్న సుమారు 150 రోజులు, 60 వేల క్యూసెక్కుల నీరు తీసుకుని, 2,640 కిలోమీటర్లు నడిపించి కావేరి దాకా చేర్చాలని పథకం. అందులో 50 వేల క్యూసెక్కులను దాదాపు 549 మీటర్ల ఎత్తుకు తోడాలి. కింద పడే నీరు కరెంటు ఇస్తుంది, నిజమే. కానీ అదే నీటిని పైకి ఎత్తాలంటే అంత కరెంటూ మనమే తిరిగి చెల్లించాలి. పకృతి అప్పు పెట్టదు. ఈ ఎత్తిపోతకు 5 వేల నుంచి 7 వేల మెగావాట్లు కావాలని అంచనా వేశారు. బరువును ఎత్తుతో హెచ్చవేసే మన ప్లస్ టూ లెక్క వేసినా దాదాపు అక్కడికే వస్తుంది. కేంద్ర జల సంఘం పరిశీలించి, ఖర్చు తక్కువ చూపారనీ, గిట్టుబాటు కాదనీ పక్కన పెట్టింది. కొందరు ఆయనను కలలు కనే మనిషి అన్నారు. కలే కావచ్చు. కానీ క్యూసెక్కులతో, మీటర్లతో, మెగావాట్లతో సహా కన్న కల అది. తప్పో ఒప్పో ఎవరైనా లెక్క వేసి చూసుకోవచ్చు. నినాదానికీ పథకానికీ తేడా అక్కడే ఉంది. నదుల అనుసంధానం అన్న మాట ఈనాటికీ వినబడుతోందంటే ఆ మాటను జనంలోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముఖ్యులు.

ఇక్కడ ఒక కొత్త సంగతి చెప్పాలి. ఈ మధ్య శాస్త్రజ్ఞులు ఆనకట్ట లేకుండా ఒట్టి నీటిచుక్క నుంచే కరెంటు తీస్తున్నారు. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి లేచి అంటుకుంటాయి కదా, అదే ఘర్షణ విద్యుత్తు. మా ఎడ్లపాడు చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. గాలి పొడిగా ఉంటే దూది పోగులు మిషన్లకు అంటుకుపోతాయి, అందుకే లోపల గాలికి తేమ పెడతారు. నీటికీ ఘనపదార్థానికీ మధ్య కూడా ఇటువంటిదే జరుగుతుంది. టెఫ్లాను పొర మీద నీటిచుక్క జారితే పొర మీద రుణావేశం మిగులుతుంది, నీరు ధనావేశం పట్టుకుపోతుంది. దాని కింద, పైన లోహపు పొరలు అమర్చి ఆ ఆవేశాన్ని తీగలోకి నడిపిస్తే కరెంటు వస్తుంది. పడే నీటిచుక్కలతో వేల వోల్టులు పుట్టించే సాధనాన్ని 1867లోనే కెల్విన్ చేసి చూపించారు. కాకపోతే అది రాపిడి వల్ల కాదు, ప్రేరణ వల్ల పనిచేసేది. ఘర్షణతో పనిచేసే నానో జనరేటరును 2012లో అమెరికాలో జోంగ్ లిన్ వాంగ్ బృందం తయారు చేసింది. 2020లో హాంకాంగ్ నగర విశ్వవిద్యాలయం వాళ్ళు 15 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడే ఒక్క చుక్కతో 140 వోల్టుల పైన పుట్టించి, వంద చిన్న ఎల్.ఇ.డి. దీపాలను మిణుక్కుమనిపించారు.

ఇంత బాగుంటే ఇక ఆనకట్టలెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. రావుగారి పద్ధతిలో లెక్క వేసి చూద్దాం. ఆ చుక్క పరిమాణం మిల్లీలీటరులో పదో వంతు. 15 సెంటీమీటర్లు పడితే అందులో ఉండే శక్తి ఒక జౌలులో దాదాపు ఏడువేల వంతు మాత్రమే. ఆ శక్తి అంతా కరెంటుగా మారిందే అనుకున్నా, ఒక్క గుర్రం బలానికి క్షణానికి 50 లక్షల చుక్కలు పడాలి. అంటే 500 లీటర్లు, దాదాపు 18 క్యూసెక్కులు! అదే 18 క్యూసెక్కులు వంద మీటర్లు పడితే ఆరువందల గుర్రాలకు పైగా బలం. పోనీ, వాన సంగతి చూద్దాం. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద, క్షణానికి ఎనిమిది మీటర్ల వేగంతో పడిందనుకుందాం. ఆ చినుకుల దెబ్బలో ఉన్న శక్తి అంతా ఒడిసిపట్టినా వచ్చేది 29 యూనిట్లు. ఏడాది వాన మొత్తంతో అయిదు గుర్రాల మోటారు ఎనిమిది గంటలు కూడా నడవదు.

కనుక చుక్క కరెంటుతో మడి తడవదు. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు. చిన్న పనులకు చిన్న కరెంటు చాలు. కాలవ చివర నీటిమట్టం కొలిచే పరికరం, వాన కొలిచే పరికరం వంటివాటికి బ్యాటరీ అక్కరలేకుండా ఇది ఉపయోగపడవచ్చు. ఇప్పటికింకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది. రావుగారి జీవితం నేర్పేది కూడా ఇదే. చుక్కలను ఒక చోట చేర్చి, ఎత్తున నిలబెట్టి, ఒక దారిన నడిపిస్తేనే అది బలం. విడివిడిగా పడితే ఒట్టి తడి. మనుషుల సంగతీ అంతే కదా మిత్రులారా.

చివరగా పులిచింతల. సాగర్‌లో కరెంటు కోసం నీరు వదిలితే, ఆ సమయంలో డెల్టాకు అవసరం లేకపోతే అది ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం పాలు కావలసిందే. కరెంటు కావలసిన రోజు వేరు, నాటుకు నీరు కావలసిన రోజు వేరు. ఈ రెంటి తగవు తీర్చడానికి మధ్యలో ఒక జలాశయం ఉండాలని రావుగారు గట్టిగా కోరారు. పైన టర్బైను తిప్పిన నీటిని అక్కడ ఆపి, కింద రైతుకు కావలసినప్పుడు వదలవచ్చు. ఆయన 1986 మే 18న కన్నుమూశారు, పులిచింతల చూడలేదు. 2004లో పనులు మొదలై, 2013 డిసెంబరులో అది జాతికి అంకితమైంది. 45.77 టి.యం.సీ.ల జలాశయం. దానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. అది మన పల్నాడు జిల్లాలోనే ఉంది. దానికీ ఊళ్ళు మునిగాయి.

పేరు పెట్టాక ఏం చేశాం? 2021 జూలైలో కరెంటు కోసం నీరు వదలడం మీద రెండు తెలుగు రాష్ట్రాలు తగవు పడ్డాయి, నీరు సముద్రంలో కలిసింది. ఆ తగవును తీర్చడానికి కట్టిన ఆనకట్టే తగవుకు వేదిక అయింది. అదే సంవత్సరం ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోయింది. దాన్ని మూయడానికి జలాశయంలో నీరు దించుకోవలసి వచ్చింది. కట్టడం ఒక తరం పని, కాపాడుకోవడం ప్రతి తరం పని.

మన కొండవీటి కొండల కింద పత్తి, మిరప వేసే రైతుకు నీళ్ళూ కరెంటూ రెండు వేరు వేరు విషయాలు కావు. ఒకటి లేకపోతే రెండోది లేదు. ఆ రెండింటినీ ఒకే శాఖలో, ఒకే బుర్రలో, ఒకే లెక్కలో పెట్టుకున్న మనిషి కె.ఎల్. రావుగారు. ఒంటి కంటితో ఆయన చూసినంత దూరం మనం రెండు కళ్ళతో చూడలేకపోతే తప్పు కళ్ళది కాదు. మనలో ఇంజనీర్లయ్యేవాళ్ళు ఉన్నారు, ఆఫీసర్లయ్యేవాళ్ళు ఉన్నారు, రేపు ఓట్లడిగేవాళ్ళూ ఉన్నారు. ఎవరైనా సరే, నీళ్ళ గురించి మాట్లాడేముందు ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. ఆయనకు మనం చేయగల నివాళి అదే.